ఎలుకలు పోయాక పురుగులు నిజంగా పెరిగాయా? దీవుల అకశేరుకాల మీద చర్చ

#1 ఇలకోడి

దీవుల్లోకి మనుషులతో పాటు వచ్చిన ఎలుకలు, చిట్టెలుకలు, పిల్లుల గురించి ఎక్కడ చదివినా పక్షుల సంగతే ముందు వస్తుంది. పురుగులు, నత్తలు, సాలీళ్ళ ముచ్చట చివర్లో ఒక వాక్యంతో సరి. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. అకశేరుకాలకు (వెన్నెముక లేని ఈ జీవులకు) నష్టం జరిగిందని ఖాయంగా చెప్పగల ఉదాహరణలు ఏవి? ఎలుకల్ని నిర్మూలించాక పురుగులు పెరిగాయని చెప్పే లెక్కల్ని ఎంతవరకు నమ్మాలి? పొలంలో ఎలుకల మందు పెట్టడానికీ, దీవి మొత్తాన్ని ఎలుకల్లేకుండా చేయడానికీ తేడా ఎక్కడుంది? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

#2 నత్తగుల్ల

మొదటిదానికి అన్నిటికన్నా తేటగా కనిపించే కేసు ఆస్ట్రేలియాకి తూర్పున ఉన్న లార్డ్ హౌ దీవి. 1918 జూన్‌లో మకాంబో అనే ఆవిరి ఓడ అక్కడ ఒడ్డుకు తట్టుకుంది. మరమ్మతు జరుగుతుండగానే నల్ల ఎలుకలు దిగిపోయాయి. ఆ దీవిలో అరచేతికన్నా పొడవైన, రెక్కల్లేని కర్రపురుగు ఉండేది. 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బొద్దుగా నల్లగా ఉంటుంది. చెట్టు రొయ్య అనేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు దాన్ని ఎరగా కూడా వాడేవాళ్ళు. అంత విరివిగా ఉన్నది 1920 తర్వాత ఆ దీవిలో కనబడలేదు. ఓడ వచ్చిన తేదీ తెలుసు, పురుగు కనబడకుండా పోయిన కాలం తెలుసు, మధ్యలో అడవి నరకడం లాంటి పెద్ద మార్పేమీ లేదు. ఇంత శుభ్రమైన కేసు అరుదు.

అదే పురుగు 2001లో అక్కడికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలోంచి సూదిలా లేచిన బాల్స్ పిరమిడ్ అనే రాతి మీద దొరికింది. 500 మీటర్లకు పైగా నిటారు కొండ. దాని మీద మెలలూకా పొదల కింద 24 పురుగులు. అక్కడికి ఎలుకలు చేరలేదు. మిగిలింది అందుకే. 2003లో రెండు జతల్ని కిందికి తెచ్చారు. మెల్‌బోర్న్ జూలో పెట్టిన జత నుంచి ఇప్పుడున్న పెంపకపు పురుగుల్లో అత్యధికం వచ్చాయి. రూపంలో పాత మ్యూజియం నమూనాలకు కొంచెం తేడా ఉండటంతో రెండూ ఒకటేనా అన్న అనుమానం చాలాకాలం నడిచింది. 2017లో జన్యువులు పోల్చి ఒకే జాతి అని తేల్చారు.

#3 హౌరాకి_తీరం

న్యూజిలాండ్ నుంచి ఇంకొకటి చేరుస్తాను. స్టూవర్ట్ దీవి పక్కన బిగ్ సౌత్ కేప్ అనే దీవి ఉంది. 1960ల మొదట్లో ఓడ ఎలుకలు ఎక్కాయి, 1964కల్లా దండుగా కనిపించాయి. అక్కడ పోయిన పక్షుల పేర్లు, గబ్బిలం పేరు అందరూ చెబుతారు. వాటితో పాటే ఎగరలేని ఒక పెద్ద ముక్కుపురుగు కూడా ఆ దీవిలో లేకుండా పోయింది. దాని పేరు ఎవరూ ఎత్తరు. నాకు బాధగా ఉండేది అదే.

ఈ పురుగులు ఎందుకింత తేలిగ్గా చిక్కుతాయో చెప్పాలి. మనుషులు రాకముందు న్యూజిలాండ్‌లో గబ్బిలాలు తప్ప నేలమీద తిరిగే క్షీరదాలు లేవు. వేటాడేవి పక్షులు, బల్లులు, బల్లిలా ఉండే టువటారా అనే సరీసృపం. ఇవన్నీ ప్రధానంగా చూపుతో వేటాడతాయి. కాబట్టి పురుగు కదలకుండా నిలబడితే బతికింది. మన కీచురాయికి దూరపు చుట్టమైన వేటా సరిగ్గా అదే చేస్తుంది. రాత్రిపూట నేలమీదికి దిగి, చప్పుడైతే అలాగే ఉండిపోతుంది. ఎలుక వచ్చేది వాసన పట్టుకుని. కదలకపోవడం అక్కడ పనికిరాదు. దానికి తోడు రెక్కలు ఉండవు, గుడ్లు మట్టిలో పెడుతుంది, పెరగడానికి చాలా నెలలు పడుతుంది. వేటాపుంగా అనే అతి పెద్ద రకంలో గుడ్లతో ఉన్న ఒక ఆడది 71 గ్రాములు తూగింది. ఒక చిట్టెలుకకు మూడు నాలుగు రెట్ల బరువు! అలాంటిది కూడా చివరికి హౌటూరు (లిటిల్ బారియర్) దీవి ఒక్కచోటే మిగిలింది. అక్కడ పిల్లుల్ని 1980లో, కియోరె అనే పసిఫిక్ ఎలుకల్ని 2004లో తీసేశారు. తర్వాత ఆక్లండ్‌లో పెంచి టిరిటిరి మాటంగి లాంటి ఎలుకల్లేని దీవుల్లో వదిలారు.

#4 తేమనేల

రెండు కేసులూ బలమైనవే. కానీ "ఎలుక వచ్చింది, పురుగు పోయింది" అన్న సూత్రాన్ని అన్నిచోట్లా అతికించకండి. దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా దీవిలో 8 సెంటీమీటర్లు దాటి పెరిగే పెద్ద చెవిపురుగు (తోక చివర పటకారు ఉండే ఇయర్‌విగ్) ఉండేది. ప్రాణంతో చివరిసారి కనిపించింది 1967లో. 2014లో అంతరించినట్టు ప్రకటించారు. అక్కడ ఎలుకలున్నాయి, చిట్టెలుకలున్నాయి, బయటినుంచి వచ్చిన పెద్ద జెర్రి ఉంది. పైగా అది దాక్కునే రాళ్ళను కట్టడాలకు ఎత్తుకుపోయారు. నాలుగింటిలో ఏది ఎంత చేసిందో విడదీయడానికి ఇప్పుడు దారి లేదు.

కడుపు కోసి చూసిన లెక్కలూ అంతే. న్యూజిలాండ్‌లో ఒక హెడ్జ్‌హాగ్ పొట్టలో 283 వేటా కాళ్ళు దొరికాయని అందరూ రాస్తారు. (యూరప్ నుంచి తెచ్చిన చిన్న రకం అది. మన ముళ్ళపంది కాదు. ఆంధ్ర, తమిళ ప్రాంతాల మెట్టల్లో ఉండే మద్రాస్ హెడ్జ్‌హాగ్‌కి చుట్టం.) ఒక్కో వేటాకి ఆరు కాళ్ళు కాబట్టి కనీసం 48 వేటాలు. గట్టి లెక్కే. అయితే కాళ్ళు గట్టివి కనుక మిగిలాయి. అదే జంతువు ఎన్ని గొంగళి పురుగులు, వానపాములు తిన్నదో ఆ పొట్ట చూపించదు, మెత్తనివి గంటల్లో కరిగిపోతాయి. కడుపు పరీక్ష ఒక్కటే పెట్టుకుంటే పెంకు పురుగులకు నష్టం ఎక్కువగా, మెత్తటి వాటికి తక్కువగా కనబడుతుంది. అందుకే ఇప్పుడు పెంటికల్లోంచి డీఎన్‌ఏ తీసి చూస్తున్నారు. అందులో ఏం తిన్నదో తెలుస్తుంది గానీ ఎన్ని తిన్నదో తెలియదు. రెండూ కలిపి చూడాలి.

#5 నత్తగుల్ల

ఒప్పుకుంటున్నాను. నత్తల్లో మాత్రం ఒక సౌకర్యం ఉంది. గుల్ల సాక్ష్యంగా మిగులుతుంది. ఎలుక గుల్ల అంచునుంచి కొరుక్కుంటూ వస్తుంది. విరిగిన అంచు రంపపు పళ్ళలా గరుకుగా ఉంటుంది. వెలుతురుకి అడ్డంగా పట్టుకుని భూతద్దంలో చూస్తే జంట పళ్ళ గీతలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ జత మొత్తం వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపుంటే చిట్టెలుక అనుకోవచ్చు, అంతకు మించితే ఎలుక. పక్షి రాతికేసి కొట్టినదైతే పక్కన ఒకచోట పగులు పెద్దగా ఉంటుంది, గీతలుండవు. గుల్లలు ఏరేటప్పుడు విరిగినవే కాదు, చెక్కుచెదరని ఖాళీ గుల్లలు కూడా ఏరాలి. ఎండకు, ఆకలికి చచ్చినవి ఎన్నో తెలియకపోతే ఎలుకల వాటా లెక్కకు అందదు.

హవాయిలో చెట్లమీద ఉండే అకటినెల్లా నత్తలు 41 జాతులు, అన్నిటినీ 1981లో అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చారు. ఇవి గుడ్లు పెట్టవు, ఏటా కొద్ది పిల్లల్ని కంటాయి, పెద్దవి కావడానికి మూడు నుంచి అయిదేళ్ళు. ఒక ఎలుక ఒక చెట్టు కనిపెట్టిందంటే కొన్ని రాత్రుల్లో ఖాళీ చేస్తుంది, ఆ చెట్టు మళ్ళీ నిండాలంటే పదేళ్ళ పని. ఒక జాతిలో ఆఖరిది జార్జ్ అనే నత్త 2019 జనవరి 1న పోయింది. ఆ జాబితాలో ఎలుకలతో పాటు 1955లో తెచ్చి వదిలిన, వేరే నత్తల్ని తినే రోజీ తోడేలు నత్త పాత్ర కూడా పెద్దదే. అందుకే అక్కడ కడుతున్న కంచెల్లో పై అంచున ఎలుక ఎక్కలేని వంపు, గోడమీద తోడేలు నత్త దాటలేని రాగి జల్లెడ, కరెంటు తీగ, ఇలా ఒక్కో శత్రువుకు ఒక్కో అడ్డు పెడతారు. ఏ ఒక్కటి వదిలినా కంచె వృథా.

#6 ఇలకోడి

చిట్టెలుక మాట చాలాసార్లు వచ్చింది. అంత చిన్న జంతువు ఎలుకంత నష్టం చేస్తుందా?

#7 హౌరాకి_తీరం

పురుగుల వరకు కొన్నిచోట్ల ఎక్కువే చేస్తుంది. ఈ చర్చలో అందరికీ పట్టవలసిన విషయం ఇదే అని నా అభిప్రాయం. ఎలుకల్ని తీసి చిట్టెలుకల్ని వదిలేస్తే పక్షులకు ఊపిరి ఆడుతుంది గానీ పురుగుల పని అయిపోతుంది. ఎలుక చిట్టెలుకను తింటుంది, తరుముతుంది. ఎలుక పోగానే చిట్టెలుకలు విరగబడతాయి. ఎలుక దూరలేని రాతి పగుళ్ళలోకి, గడ్డి దుబ్బు మొదట్లోకి అది దూరుతుంది. సాలీడు, గొంగళి, చిన్న ముక్కుపురుగు, వానపాము, అన్నీ తింటుంది.

ఉత్తర దీవిలోని మాంగటౌటరి కొండ చుట్టూ 47 కిలోమీటర్ల కంచె ఉంది, లోపల 3,400 హెక్టార్లు. మిగతా క్షీరదాలన్నీ పోయాయి, చిట్టెలుక మాత్రం మళ్ళీ మళ్ళీ పుంజుకుంటోంది. చిట్టెలుకలున్న భాగాన్నీ లేని భాగాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఉన్నచోట నేలమీది పురుగులు, వానపాములు తక్కువని తేలింది. కంచె జల్లెడ కన్ను 6 మిల్లీమీటర్ల వెడల్పు మించకూడదు, పిల్ల చిట్టెలుక అంతకన్నా కొంచెం సందున్నా దూరిపోతుంది. చెట్టు కూలి కంచె మీద పడిన ఒక్క రాత్రి చాలు.

#8 రాతిగుండు

చిట్టెలుక గురించి చదవాలంటే మారియన్ దీవిని మించింది లేదు. దక్షిణాఫ్రికాది, దక్షిణ హిందూ మహాసముద్రంలో, దాదాపు 300 చదరపు కిలోమీటర్లు. 1800ల మొదట్లో సీల్ వేటగాళ్ళతో చిట్టెలుక వచ్చింది. దాన్ని అదుపు చేద్దామని 1949లో అయిదు పిల్లుల్ని తెచ్చారు. 1977 నాటికి అవి దాదాపు 3,400 అయ్యాయి, పక్షుల్ని తిన్నాయి. పిల్లుల్ని 1991కల్లా తుడిచేశారు. చిట్టెలుక అలాగే ఉంది.

అక్కడ రెక్కలు కుదించుకుపోయి ఎగరలేని ఒక చిమ్మట ఉంది. దాని గొంగళి పురుగే ఆ దీవికి మన పొలంలో వానపాము లాంటిది. ఎండిన మొక్కల చెత్త తిని మట్టిగా మార్చేది అదే. ఆల్బట్రాస్ గూళ్ళ మట్టిదిబ్బల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చలిదేశం కాబట్టి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. చిట్టెలుకకు ఇష్టమైన తిండి ఈ గొంగళి, ముక్కుపురుగులు. వాతావరణం వేడెక్కి చలికాలం మెత్తబడటంతో చిట్టెలుకలు పెరిగాయి. 1970ల నుంచి తీసిన నమూనాల్లో పురుగుల మొత్తం బరువు బాగా పడిపోయింది. వాటిని తినే షీత్‌బిల్ పక్షి కూడా తగ్గింది. పక్కన దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి ఉంది, అక్కడ చిట్టెలుకలు లేవు. కొన్ని ముక్కుపురుగులు అక్కడ సైజులో పెద్దవిగా ఉంటాయి. చిట్టెలుక పెద్దవాటిని ఏరి తింటుంది కాబట్టి మారియన్‌లో చిన్నవే మిగులుతున్నాయన్నది వివరణ. అంటే సంఖ్య మాత్రమే కాదు, పురుగు ఒళ్ళు కూడా మారుతోంది. ఇప్పుడు ఆ చిట్టెలుకలు ఆల్బట్రాస్ పిల్లల్ని, పెద్ద పక్షుల్ని కూడా బతికుండగానే కొరుకుతున్నాయి.

#9 తేమనేల

ఇక రెండో ప్రశ్న. నిర్మూలన తర్వాత "వేటాలు పెరిగాయి" అని వచ్చే లెక్కల్లో ఒక మెలిక ఉంది. న్యూజిలాండ్‌లోని నుకువైయాటా దీవిలో కియోరె ఎలుకల్ని 1990ల మొదట్లో తీసేశాక చెట్టు వేటాల్ని గమనించారు. ఎలుకలున్నప్పుడు అవి చెట్టు బెరడు తొర్రల్లో పైన ఉండిపోయేవి, నేలమీదికి తక్కువగా వచ్చేవి. ఎలుకలు పోయాక కింది కొమ్మలకు, నేలకు దిగాయి. కాబట్టి రాత్రి టార్చి పట్టుకుని నేలమీద లెక్కపెడితే సంఖ్య ఇట్టే పెరిగినట్టు కనిపిస్తుంది. అందులో కొంత నిజమైన పెరుగుదల, కొంత భయం తగ్గి బయటికి రావడం. మొదటి ఏడాది లెక్క మీద తీర్పు చెప్పొద్దు. కనీసం ఒక తరం తిరగాలి, పెద్ద వేటాలకు అది రెండేళ్ళ పైమాట.

తలకిందులుగా కూడా జరుగుతుంది. ఎలుకలు పోతే పురుగులు తినే పక్షులు, బల్లులు కూడా పెరుగుతాయి. నాలుగైదేళ్ళకు ఫలానా పెంకు పురుగు తగ్గిందంటే నిర్మూలన దండగ అయిందని కాదు.

#10 ఇలకోడి

అయితే లెక్క ఎలా తీయాలి? మొదట్నించీ చెప్పగలరా?

#11 తేమనేల

మందు వేయడానికి కనీసం ఒకటి రెండేళ్ళ ముందే మొదలుపెట్టాలి. ముందు లెక్క లేకపోతే తర్వాతి లెక్కకు అర్థం లేదు. వీలైతే మందు వేయని మరో దీవిలోనూ అదే పద్ధతిలో, అవే నెలల్లో తీయాలి. లేకపోతే మంచి వాన పడిన ఏడాదిని ఎలుకల ఖాతాలో వేసుకుంటాం.

నేలపురుగులకు గుంటలో పెట్టే కప్పు. నోరు 7 నుంచి 10 సెంటీమీటర్లు. అంచు నేలకు సమానంగా, వెంట్రుకవాసి కూడా పైకి లేకుండా ఉండాలి, లేస్తే పురుగు చుట్టూ తిరిగి వెళ్ళిపోతుంది. కప్పులో 100 మిల్లీలీటర్లు ప్రొపిలీన్ గ్లైకాల్ నీళ్ళతో సగం సగం కలిపి పోయండి. కార్లలో వాడే మామూలు కూలెంట్ చాలావరకు ఎథిలీన్ గ్లైకాల్, అది జంతువులకు విషం, వాడకండి. పైన 2-3 సెంటీమీటర్ల ఎత్తులో చిన్న రేకు గొడుగులా పెట్టండి. రేకు లేకపోతే ఒక్క వానకు నిండి నమూనా అంతా కొట్టుకుపోతుంది. గుంట తవ్విన వెంటనే తెరవొద్దు. మట్టి కదిలిన వారం పది రోజులు పురుగులు మామూలుకన్నా ఎక్కువ పడతాయి. మూతపెట్టి ఉంచి తర్వాత తెరవండి.

ఎలుకల లెక్కకు సిరా కార్డు పెట్టిన సొరంగపు పెట్టెలు. న్యూజిలాండ్ పద్ధతిలో వరసకు 10 పెట్టెలు, 50 మీటర్లకొకటి, వరసల మధ్య కనీసం 200 మీటర్లు. పల్లీల ముద్ద (పీనట్ బటర్) ఎర, ఒక్క రాత్రి. ఎన్ని పెట్టెల్లో అడుగులు పడ్డాయో అదే శాతం. అది ఎలుకల సంఖ్య కాదు, వాటి తిరుగుడుకు సూచిక మాత్రమే. అదే కార్డు మీద వేటా అడుగులు కూడా పడతాయి, పారేయకండి. చుక్కలు చుక్కలుగా, పక్కన స్పర్శకాడల గీతలతో ఉంటాయి.

#12 రాతిగుండు

మూడో ప్రశ్నకు. మన వరి పొలాల్లో బ్రోమడయోలోన్ ఎర అందరికీ తెలుసు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతం మందు పొడి కలిపితే 0.005 శాతం ఎర అవుతుంది. దీవుల్లో వాడే బ్రోడిఫాకమ్ కూడా అదే కుటుంబం, రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎరలో మందు 0.002 శాతమే, అయినా చాలా గట్టిది, ఒక్కసారి తింటే చాలు. పొలంలో పదింట తొమ్మిది ఎలుకలు చస్తే పంట దక్కింది. దీవిలో ఒక గర్భిణి మిగిలితే మొత్తం ఖర్చు నీళ్ళపాలు. తేడా అంతా అక్కడే.

అందుకే హెలికాప్టర్‌కి వేలాడే బకెట్‌తో, జీపీఎస్ గీతల మీద, ఒక వరస సగం పక్క వరస మీద పడేలా చల్లుతారు. తిండి తక్కువుండే చలికాలంలో చల్లుతారు, అప్పుడే ఎరకు మొగ్గు. కొండచరియలకు, తీరానికి అదనపు వరసలు. రెండో విడత రెండు మూడు వారాల తర్వాత, అప్పుడే బొరియలోంచి బయటికొచ్చిన పిల్లలు తినడానికి. చిట్టెలుక తిరిగే జాగా చాలా చిన్నది, కాబట్టి ఎర పడని చిన్న చీలిక కూడా దానికి ఆశ్రయం అవుతుంది.

న్యూజిలాండ్ వాళ్ళ యాంటిపోడీస్ దీవిలో 2016 చలికాలంలో దాదాపు 2,000 హెక్టార్ల మీద 65 టన్నులకు పైగా ఎర చల్లారు, 2018 మార్చిలో చిట్టెలుకలు లేవని ప్రకటించారు. ప్రధాన దీవిలో కనబడకుండా పోయిన పురుగులు పక్కనున్న, చిట్టెలుకలు లేని చిన్న దీవుల్లో మిగిలి ఉన్నాయని ముందే తెలుసు. దక్షిణ అట్లాంటిక్‌లోని గఫ్ దీవిలో 2021లో అదే పని చేస్తే డిసెంబరులో మళ్ళీ చిట్టెలుక కనిపించింది. అక్కడి ఎగరలేని చిమ్మట కోసం ఎదురుచూసినవాళ్ళకి ఆ వార్త చాలా కష్టంగా ఉంది.

#13 కొబ్బరిపీత

పోర్ట్ బ్లెయిర్ వైపు నుంచి ఒక సందేహం. అండమాన్, నికోబార్‌లలో నేల పీతలు ఎక్కువ. ఎర అవే తినేస్తే? అవి చావవా? పురుగులు?

#14 రాతిగుండు

పీతలకు, పురుగులకు మన రక్తం గడ్డకట్టే విధానం ఉండదు, కాబట్టి ఈ మందు వాటిని పెద్దగా చంపదు. చిక్కు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి, మందు వాటి ఒంట్లో కొన్నాళ్ళు ఉంటుంది, వాటిని తిన్న పక్షి, మనిషి ప్రమాదంలో పడతారు. అంచేత ఆ కాలంలో పీతలు పట్టి తినకూడదు. రెండు, పీతలు ఎరను ఊడ్చేస్తే ఎలుకకు మిగలదు. పసిఫిక్‌లోని పాల్మైరా పగడపు దీవిలో 2000ల మొదట్లో పెట్టెల్లో ఎర పెట్టినప్పుడు సరిగ్గా అలాగే విఫలమైంది. 2011లో హెక్టారుకు 75-80 కిలోల లెక్కన రెండుసార్లు చల్లారు. చల్లని దీవుల్లో వేసేదానికి ఎన్నో రెట్లు. నీళ్ళ మీదికి వంగిన కొబ్బరి చెట్ల తలల్లో కూడా ఎర వేశారు, ఎందుకంటే అక్కడి ఎలుక కిందికి దిగకుండానే కాలం గడుపుతుంది. ఎలుకలు పోయాక ఎవరూ అనుకోనిది జరిగింది. వాటి రక్తం మీద బతికిన ఏషియన్ టైగర్ దోమ కూడా ఆ దీవిలో కనబడకుండా పోయింది.

అండమాన్‌లో ఎలుకకన్నా ముందు చూడవలసింది బయటినుంచి తెచ్చిన చుక్కల దుప్పి. కింది పొరలోని మొక్కల్ని అది మేసేస్తే అక్కడి బల్లులు తగ్గినట్టు పరిశోధనలున్నాయి. ఆకుల చెత్తలోని పురుగుల లెక్క కూడా అవే అడవుల్లో, దుప్పి ఉన్నచోట లేనిచోట తీయాలి. ఇది మేత వల్ల జరిగే నష్టం, పొట్ట కోస్తే కనబడదు.

#15 హౌరాకి_తీరం

మేత మాట వచ్చింది కాబట్టి వ్యతిరేక ఉదాహరణ ఒకటి. న్యూజిలాండ్ కింగ్ కంట్రీలో మహోయెనుయి పెద్ద వేటా మిగిలింది బయటినుంచి వచ్చిన గోర్స్ ముళ్ళపొదలో. మేకలు చివుళ్ళు మేసి ఆ పొదను గుబురుగా చేస్తాయి, ఎలుకలు లోపలికి రాలేవు. మేకల్ని తీసేస్తే పొద పలచబడి పొడుగవుతుంది, నీడ పడి అడవి వస్తుంది, వేటాకి ముళ్ళ కోట ఉండదు. కాబట్టి ఏ జంతువును తీసినా, తీయకముందు ఆ పురుగు ఇప్పుడు ఎక్కడ దాక్కుంటోందో చూడండి.

#16 నత్తగుల్ల

దానికే చివరగా లార్డ్ హౌకి తిరిగొస్తాను. అక్కడ 2019లో ఎలుకల నిర్మూలన చేపట్టారు. 2021లో రెండు ఎలుకలు దొరికితే మళ్ళీ వెంటపడ్డారు. 2022లో అక్కడి కుళ్ళిన కలప తినే రెక్కల్లేని బొద్దింక, 1930ల తర్వాత పెద్ద దీవిలో పోయిందనుకున్నది, నార్త్ బే దగ్గర మర్రి జాతి చెట్టు కింద రాతి అడుగున దొరికింది. ఎలుకల మధ్యే దాదాపు తొంభై ఏళ్ళు ఎవరికీ కనబడకుండా బతికింది. కాబట్టి "లేదు" అని రాసేముందు పెద్ద చెట్ల వేళ్ళ మధ్య, కదలని పెద్ద రాళ్ళ కింద, తడి తగ్గని దుంగల అడుగున చేత్తో వెతకాలి. గుంట కప్పుల్లో ఇలాంటివి పడవు. రాయిని మీవైపుకు తిప్పి లేపండి, కింద ఉన్నదాన్ని ఫొటో తీసి లెక్క రాసుకోండి. పురుగును ముందు పక్కకు జరిపి, రాయిని మళ్ళీ అదే గుంతలో, అదే ముఖం కిందికి ఉండేలా, మట్టి అంచుకు ఆనేలా దించండి, తర్వాత పురుగును అంచు దగ్గర వదిలితే అదే లోపలికి పోతుంది. సందు మిగిలితే అడుగు ఎండిపోతుంది, ఆ సందులోంచి ఎలుక కూడా వస్తుంది.